ఉత్త విసుర్రాయి

ఫిబ్రవరి 9, 1955

ఇన్సూరెన్సు ఏజెంటు కొత్త సంవత్సరానికని మా ఆయనకు ఇచ్చిన డైరీ ఇది. అంగట్లో శనగల బస్తా మీద పడి ఉంటే ఇవాళ ఇంటికి తెచ్చారు. "నాలుగో క్లాసు చదివినావు గదా, ఏమన్నా రాసుకో. ఊరికే పడుంటే చెదలు తింటాది" అన్నారు. చెదలు తినేది డైరీనా, నన్నా అని అడిగాను. నవ్వుకుంటూ అంగడికి వెళ్లిపోయారు.

నా ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. దీపావళి నుంచీ ఇంతే. కొప్పు పెట్టుకోవాలంటే కోడలు సుబ్బరత్న రావాలి. కడుపుతో ఉన్న పిల్లను పిలిచి కొప్పు పెట్టించుకోవడం సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 13

కర్నూలు వెళ్లి వచ్చాం. డోన్‌లో బండి మారేసరికే ఒళ్లు హూనమైంది. ఊరి నిండా గుడారాలు, గుడారాల్లో సర్కారు కచేరీలు. రాజధాని అంటే ఇలా ఉంటుందని నేననుకోలేదు.

డాక్టరు కోస్తా మనిషి, కుర్రవాడు. నా చెయ్యి పట్టి ఎత్తితే నేను పెట్టిన కేకకు పక్కగదిలో వాళ్లు తొంగిచూశారు.

"మందుల వల్ల కాదమ్మా, చెయ్యి కదలాలి. ఈ వయసులో వాడని కీలు బిగుసుకుపోతుంది. రోజూ ఇంట్లోనే గుండ్రంగా తిప్పండి. గోడ మీద వేళ్లను పైకి పాకించండి. ఎంతవరకు పాకాయో గీత పెట్టుకుంటే మీకే తెలుస్తుంది" అన్నాడు.

నేను ఒక్కటే అడిగాను. "వైశాఖంలో మా కోడలు ప్రసవిస్తుంది. బిడ్డను కాళ్లమీద వేసుకుని నీళ్లు పోయగలనా?"

"బద్ధకించకుండా చేస్తే పోస్తారు."

"ఈమెకా బద్ధకం!" అన్నారు మా ఆయన. ఆయన నన్ను మెచ్చుకోవడం అంతవరకే.

ఫిబ్రవరి 14

ఎవరితోనూ అనని మాట ఇది. ముగ్గురు పిల్లల్ని కన్నాను. ఒక్కరికి కూడా నా చేత్తో నీళ్లు పోయలేదు.

అన్నీ జీవమ్మక్కే చేసింది. మా బావగారి భార్య. చిన్న వయసులోనే ఆయన పోతే బొట్టు తీసేసి ఈ ఇంట్లోనే ఉండిపోయింది. పిల్లలు లేరు. నా పెద్దకూతురు పుట్టినప్పుడు, "నీ చేతులు చిన్నవే సుందరీ, జారిపోతాది, ఇట్ల ఇయ్యి" అని తీసుకుంది. రెండోదానికి నా చేతులు పెద్దవయ్యాయి. అయినా తీసుకుంది. మూడోవాడు, మా ఆనందం, పుట్టినప్పుడు ఇక అడిగించుకోకుండా నేనే అందించాను. స్తంభం పక్కన నిలబడి చూసేదాన్ని. బిడ్డ నాది, కాళ్లు ఆమెవి.

ఆనందానికి మొదటి కొడుకు రాజంపేటలో అమ్మమ్మ ఇంట్లో పుట్టాడు. మా గడప తొక్కేసరికి పాకుతున్నాడు. అక్క నిరుడు మాఘమాసంలో పోయింది. ఈ బిడ్డ ఇక్కడే, బేతంచెర్లలో పుడుతుంది. దీనికి నేనే పోస్తాను. అక్క మీద నాకు కోపం లేదు.

ఫిబ్రవరి 22

కోపం ఉంది.

డాక్టరు చెప్పినట్టు కిటికీ దగ్గర నిలబడి చెయ్యి తిప్పితే ఎదురింటి ఆడవాళ్లు పని మానుకుని చూస్తున్నారు. "రెక్క విరిగిన కోడి లెక్క ఆ కొట్టుకునేదేందే" అన్నారు ఆయన. వంటింటి గోడ మీద వేళ్లు పాకించి, బొగ్గుతో గీత పెట్టాను. నా గడ్డం దాకా కూడా రాలేదు.

మార్చి 1

నవ్వులపాలు కాకుండా చెయ్యి తిప్పే ఉపాయం దొరికింది. వెనక వసారాలో విసుర్రాయి ఉంది కదా! ముసలిది విసురుకుంటూ ఉంటే ఎవరు నవ్వుతారు?

గింజలు పోస్తే బరువు, నా చెయ్యి లాగలేదు. పైగా ఊళ్లోకి పిండి మర వచ్చాక ఇంట్లో విసరడానికి ఏముంది? ఉత్తదే తిప్పాను. మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నాక మొదలుపెట్టాను. ఎడమ చేత్తో పిడి పట్టుకుని అర చుట్టు లాగేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మానలేదు.

పనిమనిషి హులిగెమ్మ అంట్లు తోమేది ఆపి వచ్చింది. "ఉత్త ఇసుర్రాయి తిప్పుతాండావేందమ్మా? తప్పు గదా!"

"డాక్టరు చెప్పాడు."

"డాక్టరుకేం తెలుసు? జీవమ్మ ఉండింటే నీ చెయ్యి ఇరగ్గొట్టుండు."

నిజమే. విసరడం అయ్యాక రాయి నోట్లో గుప్పెడు గింజలు వదిలి, పైన గుడ్డ కప్పితే తప్ప అక్క లేచేది కాదు. "ఉత్తది తిప్పితే మనిషిని పిలుస్తాదే" అనేది. ఆ గుప్పెడు గింజలు అక్క పోయిన నెలలో పురుగు పడితే నేనే ఊడ్చి పారేశాను. మళ్లీ పోయలేదు.

మార్చి 6

ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. చెయ్యి నొప్పి, మనసుకు సంతోషం.

మార్చి 11

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా తిరగదు. రాళ్ల లారీలు కూడా ఆగిపోతాయి. నా రాయి చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది.

ఇవాళ రాయి తేలికైంది. విసుర్రాయికి ఇద్దరు కూర్చోవాలి కదా. అక్క గోడవైపు, నేను గుమ్మంవైపు. పిడి మీద నా కుడి చెయ్యి, ఆమె ఎడమ చెయ్యి. ఆమెది ఎడమచేతి వాటం. నేను నావైపు లాగాలి, ఆమె తనవైపు లాక్కోవాలి. ఆమె వంతు వచ్చినప్పుడు నా చేతికి బరువుండేది కాదు.

ఇవాళ అలాగే ఉంది. నా వైపు లాగేటప్పుడే బరువు. గోడవైపు దానంతట అదే పోతోంది.

మార్చి 12

రాయి అరిగి నున్నబడింది. అందుకే తేలిగ్గా తిరుగుతోంది.

మార్చి 19

పిడి పైభాగం నేను పట్టుకునే చోటు. కింది భాగం అక్కది. తిప్పడం ఆపి కింద పట్టుకుని చూస్తే వెచ్చగా ఉంది. వసారాలోకి ఎండ వస్తుంది కదా, కర్ర కాగి ఉంటుంది. పైభాగం ఎందుకు కాగలేదో నాకు తెలియదు.

చెయ్యి మాత్రం బాగుపడుతోంది. ఇవాళ కొప్పు నేనే పెట్టుకున్నాను. "అత్తా, బాగ కుదిరింది!" అని సుబ్బరత్న అద్దం తెచ్చి చూపించింది. బాగానే కుదిరింది. నేనెప్పుడూ అంత పైకి పెట్టను.

మార్చి 21

వంటింటి గోడ మీద కొత్త బొగ్గుగీత ఉంది. మునివేళ్ల మీద నిలబడి కుడి చెయ్యి చాపినా నాకు అందనంత పైన ఉంది. నన్ను ఏడిపించడానికి ఆయన గీసి ఉంటారు.

అక్క నా కంటే జానెడు పొడుగు.

ఆయన్ను అడగలేదు.

ఉగాది

పచ్చడి నేనే కలిపాను. ఆయన నోట్లో వేసుకున్నారు. "జీవమ్మ వదిన చేతి పచ్చడి లెక్కుండాదే" అన్నారు. కళ్లు తడి అయ్యాయి. నలభై ఏళ్ల కాపురంలో నా పచ్చడికి తడి కాని కళ్లు!

గిన్నె కడుగుతూ చూసుకున్నాను. బెల్లం నలిగి అంటుకుని ఉంది ఎడమ చేతికి. కుడి చెయ్యి పొడిగా ఉంది.

ఏప్రిల్ 4

మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి బొట్టు చెరిగి ఉంది. చెమట. మళ్లీ పెట్టుకున్నాను.

ఏప్రిల్ 5

చెమట.

ఏప్రిల్ 8

చెమటయితే అరచేతిలో కుంకుమ ఎందుకుంటుంది? ఎడమ అరచేతిలో.

ఆయనకు నిన్నటి నుంచి జ్వరం. అంగట్లో ఆనందమే కూర్చుంటున్నాడు.

ఏప్రిల్ 10

హులిగెమ్మ నా మొహం చూసి నిలబడిపోయింది. "మళ్ల చెరుపుకుంటివా అమ్మా?"

"నేను చెరుపుకోవడం ఏమిటి?"

"నువ్వే. నిద్దర్లో. ఎడంచేత్తో బొటనేలు పెట్టి అట్ల తుడుచుకుంటాండావు. మొన్న గూడా సూసినా. కల అనుకొని పలకరించల్యా." తర్వాత గొంతు తగ్గించి, "ఆ రాయి తిప్పేది మానుకో తల్లీ. అయ్యకు జరం వచ్చిండాది, నీకు తెలుస్తాలేదా?" అంది.

నాకు కోపం వచ్చింది. పనిచేసుకో పొమ్మన్నాను. ఎండాకాలం జ్వరం ఎవరికి రాదు?

ఏప్రిల్ 11

మానేస్తే చెయ్యి మళ్లీ బిగుసుకుంటుంది. వైశాఖం పదిహేను రోజుల్లో వస్తుంది. బిడ్డకు నీళ్లు పోసేదాకా తిప్పుతాను, ఆ తర్వాత మానేస్తాను. పడుకునేటప్పుడు ఎడమ మణికట్టును తువ్వాలుతో మంచం కోడుకు కట్టేసుకుంటున్నాను.

ఏప్రిల్ 13

తువ్వాలు ముడి విప్పి, మడతపెట్టి, దిండు పక్కన పెట్టి ఉంది. నేను మూల మీద మూల కలపను. అక్క కలిపేది.

ఏప్రిల్ 20

ఆయన జ్వరం తగ్గుతుంది, వస్తుంది. చారు, అన్నం తప్ప ఏమీ వద్దంటున్నారు. దేవుడి దగ్గర కూర్చుని ఏడ్చాను. లేచి వసారాలోకి వెళ్లి రాయి తిప్పాను. నాకు సిగ్గు లేదు.

ఇవాళ గట్టిగా అడిగేశాను. "ఎవరది?" రాయి ఆగలేదు. నేను పిడి వదిలేశాక కూడా ఇంకో అర చుట్టు తిరిగి, గోడవైపు నిలిచింది. తిరిగే రాయి ఒక్కసారిగా ఆగదు కదా.

మే 7

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. వియ్యపురాలు పుల్లమ్మ రాజంపేట నుంచి ముందే వచ్చి ఉండడం మంచిదైంది. బిడ్డ పచ్చగా, ముడుచుకుని ఉంది. మంత్రసాని చేతిలో చూసి నా రెండు చేతులూ చాచాను. ఎడమ చెయ్యి ముందు వెళ్లింది.

మే 9

పురుడు వెళ్లేదాకా మంత్రసానే పోస్తుంది. తర్వాత నేను. పుల్లమ్మకు ముందే చెప్పేశాను. "నీ మనవరాలు, నీ ఇష్టం వదినా" అంది మంచి మనిషి.

ఆయన బిడ్డను చూడటానికి గోడ పట్టుకుని నడిచి వచ్చారు. సగమైపోయారు.

మే 18

అంతా ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున పీట వేసుకుని కాళ్లు చాపుకుని కూర్చున్నాను. హులిగెమ్మ నీళ్ల కాగు దగ్గర నిలబడింది. పుల్లమ్మ బిడ్డను తెచ్చి నా కాళ్ల మీద పడుకోబెట్టింది. ఆ బరువు తగలగానే నాకు ఏడుపు వచ్చింది. ఇన్నేళ్లు స్తంభం పక్కన నిలబడి చూసిన బరువు అది.

నూనె ఎంత తీసుకోవాలో నాకు తెలియదు. చేతికి తెలుసు. ఎడమ చెయ్యి నూనె తీసుకుని మాడు మీద అద్దింది, రొమ్ము మీద నుంచి భుజాలకు లాగింది, కాళ్లు అడ్డంగా మడిచి విప్పింది. సున్నిపిండితో నలిచింది. బిడ్డను బోర్లా తిప్పి వీపున నీళ్లు పోయించింది. ముక్కు బొటనవేలితో సాగదీసింది, తల గుండ్రంగా ఒత్తింది. బిడ్డ ఒక్క ఏడుపు ఏడవలేదు. చివర అరచేతిలో నీళ్లు తీసుకుని బిడ్డ చుట్టూ తిప్పి పక్కకు చల్లింది. నా కుడి చెయ్యి నా ఒళ్లోనే ఉంది. దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

"యాడ నేర్చుకున్యావు వదినా? బిడ్డకు నిద్దరొస్తాంది చూడు!" అంది పుల్లమ్మ.

నేనేం చెప్పను? ఈ ఇంట్లో నాలుగో బిడ్డకు కూడా అక్కే పోసింది. నా కాళ్లు మాత్రం వాడుకుంది.

"ఇట్ల ఇయ్యి వదినా, తుడుస్తా" అని పుల్లమ్మ గుడ్డ పట్టుకుని వంగింది. ఇవ్వాలనే అనుకున్నాను. చెయ్యి ఇవ్వలేదు. ఎడమ చెయ్యి బిడ్డ భుజం పట్టుకుని రొమ్ముకు అదుముకుంది. "ఇయ్యి వదినా, తడి మీద ఉండాది" అంది మళ్లీ. చెయ్యి ఇంకా బిగించింది. నిద్రపోయే బిడ్డ కీచుమంది. నా కుడి చేత్తో ఎడమ చేతి వేళ్లను ఒక్కొక్కటే విరిచి విడదీశాను. చిటికెన వేలు చివరిదాకా రాలేదు. బిడ్డ భుజం మీద వేళ్ల అచ్చులు ఎర్రగా పడ్డాయి.

పుల్లమ్మ బిడ్డను గుడ్డలో చుట్టుకుని నావైపు చూడకుండా, "బొట్టు పెట్టుకో వదినా. నీళ్లకు చెరిగిండాది" అంది.

నా మొహం మీద ఒక్క చుక్క నీళ్లు పడలేదు.

అదే రోజు, సాయంత్రం

మధ్యాహ్నం జొన్నలు చేటలో పోసుకుని వసారాలోకి వెళ్లాను. హులిగెమ్మను పక్కన కూర్చోమంటే గుమ్మం దాటి రానంది. నా చోట నేను కూర్చున్నాను. రాయి నోట్లో గుప్పెడు గింజలు పోశాను. పిడి పట్టుకోలేదు.

"అక్కా" అన్నాను.

"నా బిడ్డలకు నువ్వే పోసినావు. నేను స్తంభం పట్టుకుని చూస్తా ఉంటి. నోరు తెరిచి అడగలేదు. ఇప్పుడు అడుగుతాండా. ఇది నా మనవరాలు. నాకు ఇయ్యి. నీకు పిల్లలు లేరని నాకు తెలుసు, దానికి నా కడుపు కాలలేదనుకోవద్దు. కానీ నా మొగుని జోలికి రావద్దు. నా బొట్టు నీది కాదు. నేను నిన్ను ఉత్త రాయితో పిలిచినా. చెయ్యి బాగైతే చాలనుకున్యా, ఎవరి చెయ్యని చూడలేదు. గింజలు పోసినా. ఇంక లెయ్యి."

వసారాలో ఎండ తప్ప ఏమీ లేదు. రాయి కదల్లేదు. గోడవైపు ఎవరో మోకాళ్ల మీద చేతులు ఆనించి, బరువుగా లేచినప్పుడు వచ్చే నిట్టూర్పు వినిపించింది. అక్క రోజూ అలాగే లేచేది. హులిగెమ్మ "అమ్మా!" అని అరిచింది కాబట్టి అది నా ఊహ కాదు.

గింజల మీద గుడ్డ కప్పాను. ఆ గుడ్డ మూలలు సర్దుతుండగానే నా ఎడమ చెయ్యి భుజం నుంచి కిందికి బరువెక్కింది.

మే 20

చెయ్యి లేవదు. కట్టె.

మే 24

ఆయనకు జ్వరం మళ్లీ రాలేదు. ఇవాళ కంది పచ్చడి అడిగారు. కుడి చేత్తో రోట్లో నూరి పెట్టాను. "ఉప్పెక్కువైంది" అన్నారు. కడుపు నిండింది నాకు.

జూన్ 2

పుల్లమ్మే పోస్తోంది బిడ్డకు. రేపు రాజంపేట వెళ్లిపోతుంది. నా చేతికి బిడ్డను ఇచ్చేటప్పుడు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. ఆమె తప్పు కాదు. భుజం మీది అచ్చులు పోవడానికి వారం పట్టింది.

కిటికీ దగ్గర నిలబడి, కుడి చేత్తో పట్టుకుని, డాక్టరు చెప్పినట్టు ఎడమ చెయ్యి తిప్పుతున్నాను. ఎదురింటివాళ్లు నవ్వుతున్నారు, నవ్వనీ. ఈ నొప్పి మొత్తం నాదే. ఎత్తి గోడకు ఆనిస్తే వేళ్లు మొదటి గీత దాకా కూడా రాలేదు. పైన అందని గీత మీద హులిగెమ్మ చేత సున్నం కొట్టించాను. సున్నం కింద నుంచి కొంచెం కనబడుతూనే ఉంది.

జూన్ 3

ఇవాళ నేను పోశాను.

ఆనందం వద్దన్నాడు. "ఒక చేత్తో ఎట్ల పోస్తావమ్మా, జారితే?" సుబ్బరత్న మాత్రం బిడ్డను తెచ్చి నా కాళ్ల మీద తనే పడుకోబెట్టింది. "పోయనీ. అత్త దీనికోసమే గదా అంత కష్టపడింది" అంది. ఆ పిల్లకు ఎంత తెలుసో నాకు తెలియదు.

అంత అధ్వాన్నంగా నీళ్లు పోసినవాళ్లు బేతంచెర్లలో ఉండరు. కుడి చెయ్యి ఒక్కటే. నూనె కళ్లలోకి పోయింది, నీళ్లు చెవుల్లోకి పోయాయి, సున్నిపిండి మెడ మడతల్లో ఉండిపోయింది. బిడ్డ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. హులిగెమ్మ చెంబు పట్టుకుని నవ్వలేక చచ్చింది. నేనూ ఏడుస్తూనే ఉన్నాను, నవ్వుతూనే ఉన్నాను. తప్పులన్నీ నావే. ఒక్కటి కూడా ఇంకొకరి చెయ్యి చేసింది కాదు.

దిష్టి నీళ్లు తిప్పడానికి కుడి చెయ్యి తీశాను. ఎడమ చెయ్యి కాలి పక్కన వేలాడుతోంది. బిడ్డ ఏడుస్తూ, గుప్పిళ్లు ఆడిస్తూ, ఆ చేతి చిటికెన వేలు పట్టుకుంది. వెంటనే ఏడుపు ఆపేసింది.

బిడ్డలు ఏది దొరికినా పట్టుకుంటారు. దానికేం. కానీ ఆ వేలు కూడా మెల్లగా వంగి బిడ్డ గుప్పిటను పట్టుకుంది. గట్టిగా కాదు. అచ్చు పడేటట్టు కాదు. మిగతా చెయ్యంతా కట్టెలాగే ఉంది. నేను వంచలేదు. వంచుదామన్నా నాకు రాదు.

హులిగెమ్మ చూసింది. చెంబు కింద పెట్టి నావైపు చూసింది, ఏం చేయమంటావని.

నా నుదుటి మీద కుంకుమ తడిమి చూసుకున్నాను. ఉంది.

"ఇంకో చెంబు పొయ్యి" అన్నాను. వేలు వరకు ఉంచుకో అక్కా.